రాజ్యలక్ష్మి శనివారం క్లాసు

విజయవాడలోని ఒక పరిశోధనా కేంద్రంలో కొత్తగా చేరినవాళ్ళకి సీనియర్ శాస్త్రవేత్త రాజ్యలక్ష్మి పేరు వింటేనే ఒళ్ళుమంట. 1974లో ఆమె వాళ్ళకోసం శనివారం మధ్యాహ్నాలు ఒక క్లాసు పెట్టింది. ఫలితాలు మార్చి రాయకూడదు, మనుషుల మీద పరీక్షలు చేస్తే సంగతి చెప్పి ఒప్పించుకోవాలి, ఇవీ పాఠాలు. మ్యాట్నీ పాడుచేసి నీతులు చెబుతోందని వెనక బెంచీల్లో గొణిగేవారు. ఆమెకి వినపడేది. ఎవరి ఇంటికీ వెళ్ళేది కాదు, ఎవరినీ మెచ్చుకునేది కాదు. తప్పు దొరికితే అందరి ముందూ కడిగేసేది.

మరియదాసు ఆ క్లాసులోవాడే. ఉయ్యూరు దగ్గర చేలల్లో పురుగుమందు కలిపి మోసే ఆడకూలీల రక్తం తీసి, ఆ మందు ఒంటికి పడుతోందేమో చూస్తున్నాడు.

"వాళ్ళకేమని చెప్పావు?" అని ఒక శనివారం అడిగిందామె.

"బలానికి పరీక్ష అన్నానండీ. పురుగుమందని చెబితే ఎవరూ చెయ్యి చాపరు మేడం."

"అయితే దొంగిలించావన్నమాట. రేపు పోయి నిజం చెప్పు. నేనూ వస్తా."

"అది మా పిన్నివాళ్ళ పేటండీ. నా పరువు పోద్ది."

"పోనీ."

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చి ముందు ఆడవాళ్ళు చేరారు. మరియదాసు నీళ్ళు నమిలాడు. చివరికి రాజ్యలక్ష్మే చెప్పింది. అది బలం పరీక్ష కాదనీ, కొందరికి అప్పటికే మందు పట్టిందనీ.

మరియదాసు పిన్ని దానమ్మ ముందుకొచ్చింది. "నా చేతులు వణుకుతుంటే చూస్తా కూర్చున్నావురా? సొంత పిన్నినిరా నేను!"

తర్వాత రాజ్యలక్ష్మి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం తక్కువదానివా? చెప్పేసి బస్సెక్కి పోతావు. రేపు ఆ మందు ముట్టుకోనంటే మాకు కూలెవడిస్తాడు?"

ఆడవాళ్ళు ఇద్దరినీ రోడ్డు దాకా తరిమారు.

పరిశోధన ఆగిపోయింది. డైరెక్టరు బసవపున్నయ్య ఆమెను పిలిచి, "కుర్రాడి పని మొత్తం కృష్ణలో కలిపారు. ఇక మీ క్లాసు వద్దు" అన్నాడు. మరియదాసు ఆమె ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు.

ఆమె మాత్రం ఒంటరిగా మళ్ళీ ఆ పేటకి వెళ్ళింది. గుమ్మం గుమ్మానికీ నిలబడి, ఎవరి ఫలితం వాళ్ళకి చెప్పింది. కొందరు తలుపులేసుకున్నారు. దానమ్మ కూర్చోమనలేదు. మొత్తం విని, "చెప్పావుగా, ఇంక వెళ్ళు" అంది.

ఆ వానాకాలం దానమ్మ మందు పనికి వెళ్ళలేదు. దాంతో పొలం ఆసామి ఆమెను కోతలకీ పిలవడం మానేశాడు. దానమ్మకి పని ఎందుకివ్వడంలేదో ఆసామిని అడగమని రాజ్యలక్ష్మి అధికారుల చుట్టూ తిరిగింది. ఎవరూ కదల్లేదు. దానమ్మ ఇటుక బట్టీలో చేరింది. కొన్ని నెలలకి వణుకు తగ్గింది. బజారులో ఒకసారి రాజ్యలక్ష్మి కనబడి, "ఎలా ఉంది?" అని అడిగితే, దానమ్మ ఉమ్మేసి అవతలి పక్కకి వెళ్ళిపోయింది.