కాటా బాబాయి రెండు తూకాలు

లారీల కాటా దగ్గర ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషిని అందరూ కాటా బాబాయి అనేవారు. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి, రెండు తూకాలూ పడనిదే చీటీ మీద సంతకం పెట్టేవాడు కాదు. డ్రైవర్లు బతిమాలినా, యజమాని కసిరినా అంతే. పట్టిందే పట్టు.

అలాంటివాడికి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. నాది ఒకటి తీసుకోరా అని ఆయన అక్క ముందుకొచ్చింది, పరీక్షలన్నీ కుదిరాయి. రెండు నెలల్లో ఆవిడకి అరవై ఐదు నిండుతాయి. నిండితే ఆ ఆసుపత్రివాళ్లు ఆవిడ కిడ్నీ ముట్టుకోరు. సరిగ్గా అప్పుడే, ప్రోస్టేట్ క్యాన్సరు ఉందేమో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్ష అడ్డుపడింది. నాలుగు దాటకూడదట. బాబాయికి నాలుగున్నర వచ్చింది.

ఇక చూడండి వైభోగం! కిడ్నీ డాక్టరు ప్రోస్టేట్ డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. ప్రోస్టేట్ డాక్టరేమో కిడ్నీ డాక్టరు ఏమన్నాడని అడిగాడు. క్యాన్సరేనా అంటే అవుననలేం, కాదనలేం అన్నారు. ఆ మాత్రం చెప్పడానికి అంత చదువెందుకో. చివరికి, ఆపరేషనుకి సంతకం పెట్టాల్సిన పెద్ద డాక్టరు ఆ అంకె తగ్గడానికి మూడు వారాలకి మాత్రలు రాసి, తర్వాత మళ్లీ చూద్దామన్నాడు. బాబాయి క్యాన్సరు కంటే అక్క పుట్టినరోజుకే ఎక్కువ భయపడ్డాడు.

మర్నాడు డయాలసిస్‌కి ముందూ తర్వాతా నర్సు ఎప్పటిలాగే ఆయన బరువు చూసింది. మిషను మూడు కిలోల నీరు లాగేసింది. అప్పుడు వెలిగింది బాబాయికి. పరీక్షకి రక్తం ఎప్పుడు తీశావని అడిగాడు. డయాలసిస్ అయ్యాకేనంది, సూది ఎలాగూ చేతిలోనే ఉంటుంది కాబట్టి అందరికీ అలాగే తీస్తారట.

"నీళ్లు లాగేశాక తీస్తే రక్తం చిక్కబడి ఉండదా తల్లీ? ఒక్క తూకానికే చీటీ రాసేశారా?"

ఇదే మాట పెద్ద డాక్టరుతో అంటే, డాక్టరువి నువ్వా నేనా అని కసిరాడు. బాబాయి మాత్రల అట్ట విప్పనే లేదు. నర్సు మాత్రం, పాపం, మూడు వారాలయ్యాక మిషను తిప్పకముందే రక్తం తీసింది. మూడు పాయింట్ ఎనిమిది!

"చూశావా, నా మాత్రలు ఎలా పనిచేశాయో," అన్నాడు పెద్ద డాక్టరు.

తప్పుడు తూకాన్ని జన్మలో ఒప్పుకోని మనిషి నోరు తెరిచాడు. జేబులో అట్ట అలాగే ఉంది. పక్కన అక్క కూర్చుని ఉంది. డాక్టరు ఇంకా సంతకం పెట్టలేదు.

"అంతా మీ చేతి చలవ డాక్టరుగారూ," అన్నాడు బాబాయి.

సంతకం పడింది. ఆ సంబరంతోనే మర్నాడు డయాలసిస్‌కి వెళ్లాడు. పక్క మంచం పెద్దాయనకి అప్పుడే డయాలసిస్ అయింది, ఇంకో నర్సు ఆయన పీఎస్‌ఏకి రక్తం తీస్తోంది. అలా కాదమ్మా, ముందే తియ్యాలి అన్నాడు బాబాయి.

ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు. "మాత్రలకే తగ్గిందని మీరే ఒప్పుకున్నారట కదా బాబాయ్."