పార ఎటు గుచ్చాలి

నా చిన్నప్పుడు, నిజాంసాగర్ కాలువ నీళ్లు మా బాన్సువాడ వైపు పొలాలకు కొత్తగా పారుతున్న రోజుల్లో, ఓటు అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎరగరు. అయినా మా వాళ్లు అలాంటిదే ఒకటి వేసేవాళ్లు. మా పిల్లకాలువ కింద ఎవరికి ఏ రోజు నీళ్లో పంచడానికి ఒక కాలువ పెద్ద ఉండేవాడు. నాట్లకు ముందు కట్ట మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే, ఇంటికొక పార చొప్పున తెచ్చి, నచ్చినవాడి పక్కన నేలలో గుచ్చాలి. ఎటు పారలు ఎక్కువైతే వాడే పెద్ద. ఎవరు ఎటు గుచ్చారో అందరూ చూస్తారు. ఎటూ గుచ్చని ఇంటికి నీళ్ల వంతు ఉండదు.

మాది చిట్టచివరి పొలం. కాలువ వచ్చిన నాటి నుంచి దాని మొదట్లో పొలాలున్న ఆసామే పెద్దగా ఉంటే, మా దాకా నీళ్లు వచ్చేవి కావు. అలాంటప్పుడు మా వాడకట్టు మనిషే ఒకడు సంఘం పెట్టి, చివరి పొలాలకు శుక్రవారం నీళ్లు ఇప్పిస్తానని ఇల్లిల్లూ తిరిగాడు. మా తాత తన పార గుచ్చడమే కాక, మరికొందరికి నచ్చజెప్పి వెంట తీసుకెళ్లాడు. సంఘం మనిషి గెలిచాడు. శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. నీళ్లు రాలేదు. అడుగుదామని తాత వెళ్తే, ఆ సంఘం మనిషి ఆసామి అరుగు మీదే కూర్చుని ఆకువక్క వేసుకుంటున్నాడట.

మళ్లీ పారలు గుచ్చే రోజు దగ్గరపడగానే సంఘం మనిషి మా ఇంటికొచ్చాడు. మా అవ్వ రొట్టె పెట్టింది గానీ ఊరుకోలేదు.

"రా బిడ్డా. నిరుడు చెప్పిందే చెప్తవా, కొత్తదేమన్న తెచ్చినవా?"

"గట్లంటవేందే చిన్నమ్మా. నిరుడు ఆసామి అడ్డం పడ్డడు. ఈసారి శుక్రవారం మీదే, ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన రొట్టె తిని వెళ్లిపోయాడు. నారుమడి అప్పటికే పసుపు రంగుకు తిరిగింది.

ఆ రోజు కట్ట మీదికి నేనూ తాత వెంట వెళ్లాను. ఆయన పార భుజాన పెట్టుకుని రెండు వరసల మధ్య ఆగిపోయాడు. ఇటు సంఘం వాళ్లు "కాకా, ఇటు రా" అంటున్నారు. అటు ఆసామి మనుషులు "ముసలాయనకు దారి దొరుకుతలేదు" అని నవ్వుతున్నారు. వెనక్కి తిరిగి ఇంటికి వస్తాడని నేననుకున్నాను. చాలాసేపటికి తాత వెళ్లి, మోసం చేసిన మనిషి పక్కనే పార గుచ్చాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. దారంతా తాతకు ముందే విసవిసా నడిచాను. ఇంటి దగ్గరికొచ్చాక ఆయనే అన్నాడు. "గుచ్చకపోతె మన పేరే మరుస్తరు. గుచ్చిన అంటె నమ్మిన అని కాదు బిడ్డా."

సంఘం మనిషే మళ్లీ గెలిచాడు. శుక్రవారం మా కాలువ మళ్లీ ఎండే ఉంది. అప్పుడు తాత నన్ను వెంటబెట్టుకుని పక్క పొలానికి వెళ్లాడు. అది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుది. ఆయన పార ఆసామి వైపు గుచ్చాడని, మా ఇళ్ల మధ్య మాటలు లేవు. తాత గట్టు మీద కూర్చుని, నీకేం చెప్పారని అడిగాడు.

"శుక్రవారం నీళ్లు మాకేనన్నాడండీ ఆసామి" అన్నాడాయన.

ఇద్దరూ లేచి, నన్ను వెంటేసుకుని కాలువ వెంట పైకి నడిచారు. మొదట్లో ఒకే గండిలోంచి నీళ్లు రెండు పొలాల్లోకి పారుతున్నాయి. ఒకటి ఆసామిది. రెండోది సంఘం మనిషి కొత్తగా కౌలుకు పట్టింది. రెండూ నిండి తళతళలాడుతున్నాయి.

"గండి పూడ్చు తాతా" అన్నాను.

"పూడిస్తె రేపు దొంగలు మనమే అయితం."

వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఆ కోస్తా రైతు పొలంలో చిన్న బావి ఉంది. అందులో నీళ్లు రెండు నారుమళ్లకు చాలవు. దారిలోనే వాళ్లిద్దరూ ఒక మాట అనుకున్నారు. ఆయన మడి బావికి దగ్గర కనుక దానికే తోడి పోశారు. మాది ఎండిపోతుంటే అవ్వ అటు చూడలేక ఇంట్లోకి వెళ్లిపోయింది. బతికిన నారు సగం సగం పంచుకుని, బావి నీళ్లు అందినంత మేర నాటుకున్నాం. మిగిలిన పొలం నాటు లేక రెండిళ్లకూ పడావే పడింది.

ఆ తర్వాత నేనూ ఎన్నో ఎన్నికలు చూశాను. ఇద్దరిలో ఒకరికి వేయక తప్పదు, వేసి వచ్చాక మనసు కుదుటపడిందీ లేదు. ఒక పని మాత్రం మానలేదు. వేలి మీద సిరా ఆరకముందే, ఎదుటి పార్టీకి ఓటేసిన పక్కింటామె దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. "నీకేం చెప్పిండ్రు చెల్లే?" అని అడుగుతాను.