బేరింగులు నానిన మూడు రోజులు

మా అమ్మాయి స్కేట్లు వానకు తడిస్తే, బేరింగులు విప్పి కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేశాను. అరగంట పట్టింది. ఆ వాసనకు ప్రొద్దుటూరులో మా నాయన గుర్తొచ్చాడు.

నా తొమ్మిదో ఏట నా స్కేట్లూ ఇలాగే తడిసి బిగుసుకుపోయాయి. లారీ మెకానిక్ అయిన నాయన బేరింగులు విప్పి కిరసనాయిల్లో వేశాడు.

"మూడు దినాలు నానాల. నువ్వు ఈడే కూచోని కదిలిస్తాండు. లేకుంటే తుప్పు పడతాది."

"మరి బడి?" అన్నాను.

"దీనికంటే బడి ఎక్కువనా?"

పొంగిపోయాను. నాయన వీధి తలుపు గడియ పెట్టి, తనూ షెడ్డుకు పోకుండా నా పక్కనే కూర్చున్నాడు. బయట ఢామ్మని మోతలు వినిపిస్తే, "ఎలక్షన్ టపాకాయలు మ్మా, నువ్వు తిప్పు" అన్నాడు.

నాలుగో రోజు స్కేట్లేసుకుని బయటికి పోతే, వీధి చివర గోడంతా మాడిపోయి ఉంది. అంత పెద్ద టపాకాయ నాకు చూపించలేదని నాయన మీద రెండు రోజులు అలిగాను. ఆయన బతిమాలుతూనే ఉన్నాడు గానీ, అవి బాంబులని మాత్రం చెప్పలేదు.