నా పేరు మీద ఇచ్చిన హుకుం

1971లో నన్ను నిజామాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా వేశారు. మందులు రాసే అధికారం నాకు లేదు, అది సైకియాట్రిస్టుది. రోగితో మాట్లాడి, ఒక పద్ధతి ప్రకారం అతని భయాన్ని తగ్గించడం నా వంతు. ఆ రోజుల్లో చాలామందికి అది పనిలాగే కనబడేది కాదు.

సాయన్న బోధన్ వైపు ఒక ప్రైవేటు క్రషర్‌లో రోలర్లకు చెరుకు గడలు అందించేవాడు. అతన్ని భార్య గంగామణి తీసుకొచ్చింది. పక్కన పనిచేసే మనిషి చెయ్యి రోలర్లలో పడి నలిగిపోవడం సాయన్న కళ్లారా చూశాడు. అప్పటినుంచి మిషను చప్పుడు వింటే చాలు, చేతులు కొయ్యబారిపోయేవి. ఎముకల డాక్టరు పరీక్షించి చేతుల్లో ఏ లోపమూ లేదన్నాడు. క్రషర్ మేనేజరు అదంతా నాటకమన్నాడు.

నేను ఎంచుకున్న పద్ధతి అప్పటికే పరిశోధనల్లో నిలిచినది. ముందు ఒంటిని వదులు చేసుకోవడం నేర్పాలి. తర్వాత తక్కువ భయపెట్టే దానితో మొదలుపెట్టి, రోగి సరేనన్నాకే తర్వాతి మెట్టు ఎక్కించాలి. బస్టాండు దగ్గర, చేత్తో చక్రం తిప్పితే చిన్న రోలర్లు తిరిగే చెరుకు రసం బండి ఉండేది. మొదట రోడ్డుకు అవతల నిలబడ్డాం. కొన్ని వారాలకు సాయన్న తనే ఆ బండి చక్రం తిప్పి, నాకో గ్లాసు రసం అందించి నవ్వాడు.

ఈ సంగతి అతను సంబరంగా వెళ్లి మేనేజరుకు చెప్పాడు. మేనేజరు అప్పటికప్పుడే ఇద్దరు మనుషులతో అతన్ని పట్టించి, నడుస్తున్న రోలర్ల ముందు నిలబెట్టాడు. సాయన్న స్పృహ తప్పి పడిపోయాడు. ఆ తర్వాత చేత్తో నీళ్ల చెంబు కూడా ఎత్తలేకపోయాడు.

గంగామణి వచ్చి చెబితే క్రషర్‌కు వెళ్లాను. మేనేజరు కుర్చీలోంచి లేవలేదు.

“మీరు చేసేది గూడ గదే గద సారూ. మీరు వారాలకు వారాలు చేసిండ్రు, నేను ఒక్కపూటల చేసిన,” అన్నాడు.

ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది. కుట్లు వేసిన గాయాన్ని చేత్తో చీల్చి, సర్జను కంటే త్వరగా పని ముగించానని చెప్పుకొంటే జనం ఊరుకుంటారా? మనసు విషయంలో మాత్రం ప్రతివాడూ వైద్యుడే. ఫిర్యాదు చేద్దామంటే, క్రషర్ వాళ్ల జోలికి పోవద్దని నా పై అధికారి వారించాడు.

నవీపేట్ దగ్గర సాయన్న ఊరికి వెళ్లాను. అతను నా మొహం చూడలేదు. వాళ్లు పట్టుకున్నప్పుడు ఎందుకు పెనుగులాడలేదని అడిగాను.

“నిజామాబాద్ సారు హుకుం అన్నరు. మీరే చెప్పిండ్రనుకోని చెయ్యి గుంజుకోలే,” అన్నాడు.

గంగామణి నా వైపు తిరిగింది. “నిజంగ మీరు చెప్పిండ్రా సారూ?”

లేదన్నాను. నమ్మడానికి ఆమెకు నా మాట తప్ప ఏ ఆధారమూ లేదు.

సాయన్న మళ్లీ ఆసుపత్రికి రావడానికి చాలా కాలం పట్టింది. మొదటి మెట్టు నుంచి తిరిగి మొదలుపెట్టాం. చేతులు బాగయ్యాయి. క్రషర్‌కు మాత్రం పోలేదు. వేల్పూర్‌లో పసుపు పనికి కుదిరాడు. మేనేజరుకు ఏమీ కాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి రోగికీ మొదటి రోజే చెప్పేవాణ్ని: నా పేరు చెప్పి ఎవరేమన్నా వినకండి, నేనే చెప్పినా మీకు ఇష్టం లేకపోతే వద్దనండి అని. నా ముందే ఆ “వద్దు” గట్టిగా అనిపించేవాణ్ని. చాలామందికి ఆ మాట ఒక పట్టాన నోట వచ్చేది కాదు. అది వచ్చేదాకా మిగతా చికిత్స మొదలుపెట్టకూడదని నేర్చుకున్నాను.