మామ పుండుకు డెట్టాలు స్నానం

మొన్నామధ్య నేను చేసిన ఘనకార్యం చెప్తాను, టీ నోట్లో పెట్టుకోని నవ్వబాకండి. నిన్నటిదాకా వార్డులోకి దొడ్డి తలుపు నుంచే పోతా ఉండాను, సిగ్గుతో!

ఆత్మకూరులో ఒక చిన్న ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని గదా నాది. ఉదయగిరి మామ కాలిరిగి మా వార్డులోనే ఉండాడు. ఆపరేషన్ బాగానే అయింది. తర్వాత కుట్లకాడ చీము పట్టింది. ఇంటికాడ నుంచి తెచ్చుకున్నది కాదు, మా వార్డులోనే అంటుకున్నది.

"పోయినేడాది ఈ ఇంజెక్షన్‌కే చచ్చేవి క్రిములు. ఇప్పుడు లెక్కచెయ్యడం లేదు," అని మా డాక్టరు తలపట్టుకున్నాడు. "నెల్లూరు ల్యాబ్ డాక్టరమ్మ వస్తాది. చీము తీసకపోయి ఏ మందుకు చస్తాయో చూస్తాది. అది తెలీకుంటే కాలు తీసేయాల్సిందే."

నా బుర్రకెక్కింది ఒకటే. నెల్లూరు డాక్టరమ్మ వస్తాది!

పొద్దున్నే ఫినాయిలు కొట్టి నేల, మంచాలు, ట్రాలీ అన్నీ కడిగినాను. మామ పిలిచినాడు. "అల్లుడూ, అంత చదువుకున్న తల్లి వస్తా ఉంటే ఈ కంపేందిరా? కాస్త కడగరా."

సిస్టరమ్మ రాకముందే కట్టు విప్పి డెట్టాలు పోసి కడిగినాను. మామ పళ్లు కొరుక్కోని ఓర్చుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి పుండులో, ట్రాలీ మీద, కొళాయి మీద దూదిపుల్లలు తిప్పి సీసాల్లో పెట్టుకోని పోయింది. తర్వాత నెల్లూరు నుంచి ఎస్టీడీ ఫోను. ఒక్క క్రిమి కూడా దొరకలేదంట!

"చీము కారతా ఉంటే క్రిమి లేకపోవడం ఏంది?" అన్నాడు డాక్టరు.

మామ మంచం మీద నుంచి గొప్పగా, "ఎట్టుంటాది సార్! మావోడు డెట్టాలుతో కడిగినాడు గదా! వాడి చెయ్యి అట్టాంటిది!"

వార్డంతా నా వైపే చూసింది. చీపురు వీపు వెనక దాచుకున్నాను.

"క్రిమి దొరక్కుంటే మందు దొరకదురా. మామ కాలు పోతే ఏం చెప్తావు?" అన్నాడు డాక్టరు, మెల్లిగా. అరిచినా బాగుండు.

డాక్టరమ్మను మళ్లీ రమ్మన్నారు. సిస్టరమ్మ ఫినాయిలు, డెట్టాలు బీరువాలో పెట్టి తాళమేసింది. "ఆమె వచ్చి పోయిందాకా దేన్నీ తాకబాక!" స్టూలు మీద చేతులు కట్టుకోని కూర్చున్నాను. "ఏమబ్బా, ఊడ్చవా?" అని ఎవరన్నా అడిగితే మామే జవాబు. "వాడికింకా ఆర్డర్ రాలా!"

ఈసారి క్రిమి దొరికింది. ఒక్క మందుకే లొంగతాదంట. అది తెప్పించి వేసినారు. నిన్న చీము ఆగింది, కాలుకు భయం లేదన్నారు.

ఊడ్చే పనిలో చేరి ఇన్నాళ్లయింది. నావల్ల ఎవురికన్నా మేలు జరిగిందంటే, చీపురు పట్టకుండా కూర్చున్న ఆ ఒక్కరోజే!