పన్నెండింటిలో రెండు

జహీరాబాద్ నుంచి సముద్రం ఎంత దూరమని పాప అడిగినప్పుడు నేను వెంటనే చెప్పలేకపోయాను. రైలు టైంటేబుల్ తీసి, వికారాబాద్ దాకా ఇంత, సికింద్రాబాద్ దాకా ఇంత, మద్రాసు దాకా ఇంత అని కాగితం మీద కూడి చూపించాను. అది ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మామా, నడిస్తే ఎన్ని దినాలు?" అని అడిగింది. రోజుకు పది మైళ్ళ చొప్పున భాగించి చెప్పాను. తాను రోజుకు రెండు మైళ్ళకన్నా నడవలేనని, మళ్ళీ లెక్క కట్టమని పట్టుబట్టింది. కట్టాను. ఆ జవాబు విని కాగితాన్ని నాకే తిరిగి ఇచ్చేసింది.

పాప మా చెల్లెలి బిడ్డ. అప్పటికి దానికి అయిదేళ్ళు. చెల్లెలి భర్త పెళ్ళయిన మూడో ఏట కామెర్లతో పోయాడు. తర్వాత ఆమె నర్సు పని నేర్చుకుని మా ఊరి మిషన్ దవాఖానలోనే చేరింది. నేను అదే దవాఖానలో మందుల గది చూసేవాణ్ణి. ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివి, అడ్తి దుకాణంలో ధాన్యం తూకాల దగ్గర నిలబడి లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకేనేమో, ఒకసారి కట్టిన లెక్కను మూడుసార్లు సరిచూసుకునే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. మాకు పిల్లలు లేరు. చెల్లె, పాప, నేను, నా భార్య దవాఖాన వెనకాల రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం.

అరవైలు మొదలైన ఏడాది అది. వానాకాలం వెళ్ళిపోతుండగా మా డాక్టరమ్మకు ఒక ఉత్తరం వచ్చింది. తూర్పు సముద్రంలోని దీవులకు మిషన్ వాళ్ళు ఒక చిన్న ఓడలో మందులు, డాక్టర్లను పంపుతున్నారు. అక్కడ దవాఖాన లేదు, రోడ్డు లేదు. ఓడ వచ్చినప్పుడే వైద్యం. ఒక దీవిలో పిల్లలకు కంఠసర్పి పట్టుకుంది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి ఆడకుండా చేసే జబ్బు అది. దానికి సీరం ఒక్కటే మందు. ప్రతి మిషన్ దవాఖాన తనకు అక్కర ఉన్నంత ఉంచుకుని మిగతాది పంపాలని, వీలైతే ఒక నర్సును కూడా పంపాలని ఆ ఉత్తరంలో ఉంది. నాలుగు నెలల పని.

చెల్లె తానే పోతానంది. నా భార్య వద్దంది, బిడ్డను విడిచి ఎట్లా పోతావని అడిగింది. ఆదివారం మా చర్చి గుడిలో పాస్టరు అయ్యగారు ఉత్తరం చదివి వినిపిస్తే చెల్లె అందరికంటే ముందు లేచి నిలబడింది. అట్లా లేచిన మనిషిని మళ్ళీ కూర్చోబెట్టే ఆచారం మా సంఘంలో లేదు.

సీరం సంగతి నాకు వదిలారు. మా కిరసనాయిలు ఫ్రిజ్‌లో పన్నెండు సీసాలున్నాయి. ఒక పిల్లకు ఒక సీసా. అన్నింటి గడువూ డిసెంబరు నెలాఖరుతో తీరిపోతుంది. జనవరిలో కొత్తవి వస్తాయి. నేను రిజిస్టరు ముందేసుకుని ఆరేళ్ళు వెనక్కి చూశాను. వాడిన సీసాలు మొదటి ఏడాది ఒకటి, రెండో ఏడాది సున్న, తర్వాత రెండు, ఒకటి, రెండు, సున్న. ఆరేళ్ళలో ఆరు. ఏడాదికి ఒకటి. ఎంత గడ్డు ఏడాదైనా రెండు దాటలేదు. ప్రతి జనవరిలో పాతవి పగలగొట్టి గుంటలో పోసేవాణ్ణి నేనే. ఇక మిగిలింది రెండు నెలలే.

మంచుగడ్డల ఫ్లాస్కులు సర్దుతూ చెల్లె అడిగింది. "ఈడ ఎన్ని పెట్టుకుంటవన్నా?"

"రెండు."

"సాల్తయా?"

"ఏడాదికి ఒకటి పట్టేదానికి రెండు నెలలకు రెండు పెట్టిన. ఇంకేం గావాలె?"

ఆమె నవ్వింది. "నీ లెక్క తప్పయితే సూర్యుడు గూడ పడమటనే పొడుస్తడు తియ్." పది సీసాలు ఫ్లాస్కుల్లోకి పోయాయి.

నవంబరు మొదటివారంలో ఆమె రైలెక్కింది. పదహారు ఆదివారాల్లో వస్తానని పాపకు చెప్పింది. రైలు కదిలేదాకా పాప బాగానే ఉంది. కదిలాక నా వేలు పట్టుకుని, ఇవాళ ఆదివారం కాదా అని అడిగింది. బుధవారం అన్నాను.

ఆ తర్వాత ఆదివారాల గురించి మా ఇద్దరికీ రోజూ తగాదానే. ఒక శుక్రవారం ఎవరింట్లోనో ప్రార్థన కూడిక ఉంటే మేం పోయి వచ్చాం. ఇంటికి రాగానే అది, "ఇయ్యాల పాటలు పాడినం, అయ్యగారు అచ్చిన్రు, షర్బత్ ఇచ్చిన్రు. ఇది గూడ ఆదివారమే. ఒకటి తీసెయ్ మామా" అంది. అట్లా తీసెయ్యరాదని చెబితే, నీకు లెక్కలు రావని నా భార్యతో ఫిర్యాదు చేసింది. నా భార్య కూడా దాని పక్షమే. ఆ ఒక్క ఆదివారం తీసేస్తే నా సొమ్మేం పోయేదో ఇప్పుడు తెలియదు. నేను తీసెయ్యలేదు.

నా భార్య దవాఖానలో ఆయాగా చేసేది కనుక పాప పగలంతా వరండాలోనే ఆడుకునేది. వచ్చిన వాళ్ళందరినీ పలకరించేది. ఏ ఊరు, ఏం జబ్బు, ఎంతమంది పిల్లలు అని నాకంటే ముందు అదే అడిగేది.

డిసెంబరు రెండోవారంలో న్యాల్‌కల్ దిక్కు ఊరునుంచి ఒక తండ్రి బండి కట్టుకుని ఇద్దరు పిల్లలను తెచ్చాడు. అన్నకు ఏడేళ్ళు, చెల్లికి నాలుగు. అన్నకు గొంతు పూర్తిగా మూసుకుపోయేటట్టుంది. డాక్టరమ్మ చూసి ఇద్దరికీ కంఠసర్పి అన్నది. ముందు వాణ్ణి లోపలికి తీసుకుపోయారు. ఆ కాసేపు చిన్నపిల్ల వరండాలో గోడకానుకుని కూర్చుంది. నేను మందుల గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పాప తన చేతిలోని జామకాయ దానికిచ్చింది. ఆ పిల్ల కొరికి, మింగలేక తిరిగి ఇచ్చేసింది. పాప అదే కాయను తిన్నది. నేను అప్పుడు రెండు సీసాల నంబర్లు రిజిస్టరులో ఎక్కిస్తున్నాను. ఇక సున్న మిగిలిందని, హైదరాబాదుకు రాయాలని అనుకుంటున్నాను. చూసిందేమిటో నా కళ్ళకు తెలిసింది కాని నాకు తెలియలేదు.

ఇద్దరు పిల్లలూ బతికారు. హైదరాబాదుకు ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. జనవరి సరుకుతో పంపుతామని జవాబు వచ్చింది.

అయిదో రోజు పాపకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మరునాడు గొంతు నొప్పంది. పొద్దున డాక్టరమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నోరు తెరవమంది. చూసి, నోరు మూసుకోమని చెప్పి, దాని తల నిమిరి, నావైపు తిరిగింది. నేనే ఫ్రిజ్ దగ్గరికి పోయి తలుపు తీశాను. లోపల ఏముందో నాకు తెలుసు. అయినా తీసి చూశాను.

పోస్టాఫీసు నుంచి ట్రంకాల్ చేస్తే దగ్గరి ఊళ్ళలో ఎక్కడా లేదన్నారు. హైదరాబాదులో ఉంది, మనిషి వస్తే ఇస్తామన్నారు. తొమ్మిది గంటల బస్సెక్కాను. బస్సెక్కే ముందు పాప దగ్గరికి పోతే దాని గొంతు పలకడంలేదు. గుసగుసగా, "ఇంకెన్ని ఆదివారాలు?" అన్నది. పది అన్నాను. తొమ్మిదంటే ఏం పోయేది?

ఒంటిగంటకు దిగాను. మూడింటికి రెండు సీసాలు నా చేతికొచ్చాయి. మూడున్నర బస్సులో కిటికీ పక్కన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు టికెట్టు చింపుతూ, "ఏందే పెద్దమనిషి, జైరాబాద్‌ల చాయ్ దొరకదా? పట్నం కెల్లి మోస్కపోతున్నవ్" అన్నాడు. చాయ్ కాదు, పిల్లకు మందు అన్నాను. అతను మిగతా టికెట్లు కొట్టి డ్రైవరు దగ్గరికి పోయి చెవిలో ఏదో చెప్పాడు. సంగారెడ్డిలో పావుగంట ఆగే బస్సు అయిదు నిమిషాలే ఆగింది. చాయ్ తాగడానికి దిగిన వాళ్ళు గ్లాసులు విడిచి పరుగెత్తుకొచ్చి ఎక్కారు. ఒక్కరూ కండక్టరును తిట్టలేదు.

పాప నాలుగు దాటి పది నిమిషాలకు పోయింది. అప్పటికి బస్సు పటాన్‌చెరు కూడా చేరలేదు. నేను తర్వాత ఎన్నోసార్లు ఆ రోజును తిరగేసి చూశాను. ట్రంకాల్ వెంటనే కలిసి ఉంటే, సీసాలు ఒంటిగంటకే ఇచ్చి ఉంటే, బస్సు ఎక్కడా ఆగకుండా ఉంటే ఎన్నింటికి చేరేవాణ్ణని లెక్క కట్టాను. ఎట్లా కట్టినా నాలుగు దాటుతుంది. వేళకు అందే సీసా మా ఫ్రిజ్‌లో ఉన్న సీసా ఒక్కటే.

నేను వచ్చేసరికి నా భార్య వరండాలో నిలబడి ఉంది. ఏడుస్తూ లేదు. నా చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని లోపలికి పోయి, రెండు సీసాలూ ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు సరిగ్గా పడిందో లేదో నొక్కి చూసి, అప్పుడు నేలమీద కూర్చుంది.

ఆ రెండింటిలో ఒకటి మరుసటి వారం ఝరాసంగం నుంచి వచ్చిన ఒక బాబుకు ఇచ్చారు. బతికాడు. రిజిస్టరులో నేనే రాశాను.

ఓడ సముద్రంలో ఉన్నప్పుడు కబురందదు. రేవుకు వచ్చినప్పుడు చేతికిచ్చేటట్టు డాక్టరమ్మ టెలిగ్రాం ఇస్తానంటే, నేను ఉత్తరం రాస్తానని చెప్పి ఆపాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ ఎన్ని ఉండెను, ఎన్ని పంపితిని అనే చోటికి వచ్చి ఆగిపోయేది. చివరికి డాక్టరమ్మే టెలిగ్రాం ఇచ్చింది.

పాపను మట్టిలో పెట్టిన పదకొండో రోజు చెల్లె ఉత్తరం వచ్చింది. దారిలో ఇంకో ఓడ ఎదురైతే దానికి అందించిందట. అప్పటికి ఆమెకు ఏమీ తెలియదు. "అన్నా, నువ్వు పంపిన పదిట్ల ఏడు వాడినం. ఏడుగురు పిల్లలు లేచి కూసున్నరు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు. నోరు తెరువుమనేటందుకు నేనే నోరు తెరిచి సూపిస్త. వాళ్లు నవ్వుతరు. నవ్వినప్పుడు గొంతు సూస్త. మిగిలిన మూడిటి గడువు ఈ నెలతోని అయిపోతదని సముద్రంల పారెయ్యమన్నరు. నాకు పారెయ్య బుద్ధయితలేదు. పాప సతాయిస్తున్నదా?" అని రాసింది. నా భార్యకు చదివి వినిపించాను. మూడు సీసాల మాట మాత్రం వదిలేశాను. అది చదివింది నేనొక్కణ్ణే.

చెల్లె జనవరి మూడోవారంలో పొద్దుటి రైలుకు వచ్చింది. స్టేషన్ నుంచి నేరుగా సమాధుల దగ్గరికి పోయింది. నా భార్య వెంట పోయింది. నేను గేటు బయట నిలబడ్డాను. ఆమె ఇంటికి వచ్చి రెండు రోజులు పడుకుంది. మూడో రోజు మందుల గదికి వచ్చి రిజిస్టరు అడిగింది. ఆరేళ్ళ పేజీలు ఒక్కొక్కటీ తిప్పి, వేళ్ళ మీద కూడి, మళ్ళీ మొదటినుంచి కూడింది. నేను పక్కన నిలబడి, ఎక్కడైనా తప్పు దొరకాలని, దొరికితే ఆమె నన్ను కొట్టాలని కోరుకున్నాను.

రిజిస్టరు మూసింది. "లెక్క సరిగ్గనే ఉన్నదన్నా. నన్నడిగినా రెండే అందును."

అప్పుడు నేను జామకాయ సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా, నా భార్యకు కూడా. ఏడాదికి ఒకటి, రెండు అని రాసుకున్నాను కాని, ఆ జబ్బు ఒక పిల్లనుంచి ఇంకో పిల్లకు పోతుందన్నది నా లెక్కలో ఎక్కడా లేదని, కిటికీలోంచి చూస్తూ కూడా నేను లేవలేదని చెప్పాను.

"ఆ పిల్ల అడిగిందా, మన పాపే ఇచ్చిందా?" అని అడిగింది.

పాపే ఇచ్చిందన్నాను. ఆమె తల ఊపింది. వచ్చిన తర్వాత మొదటిసారి అప్పుడు ఏడ్చింది.

మూడు వారాలుండి మళ్ళీ ఓడకు పోతానంది. నాలుగు నెలల పని ఇంకా పూర్తికాలేదని డాక్టరమ్మతో చెప్పిందట. స్టేషన్‌లో నేను బతిమాలాను. మందుల గది విడిచిపెడతానని, ఇంకెక్కడికైనా పోయి ఉంటానని, ఆమె మాత్రం ఇక్కడే ఉండాలని చెప్పాను. ఆమె పట్టాలవైపు చూస్తూ విన్నది.

"ఆడ ఏడుగురున్నరన్నా. వాళ్ల మొకాలన్న సూస్కుంట ఉంట. ఈడ నేనెవలి మొకం సూడాలె?"

మేమిద్దరం ఉన్నాం కదా అనబోయాను. ఆ మూడు వారాల్లో ఆమె నాతో మాట్లాడింది, నేను వడ్డిస్తే తిన్నది, రిజిస్టరు చూసి నా తప్పు లేదన్నది. ఒక్కసారీ నా ముఖంలోకి చూడలేదు. అప్పుడు కూడా పట్టాలనే చూస్తున్నది.

ఆమె ఆ దీవుల్లోనే ఉండిపోయింది. ఏటా రెండు ఉత్తరాలు వస్తాయి. అవి నా భార్య పేరున వస్తాయి. ఆమెకు చదువు రాదు కనుక నేనే చదివి వినిపిస్తాను. ఆ ఏడుగురిలో ఎవరు ఎంత ఎత్తు పెరిగారో, ఎవరికి పెళ్ళి కుదిరిందో ఉంటుంది. చివర్న, అన్నను అడిగినట్టు చెప్పు వదినా అని ఉంటుంది. అది కూడా చదువుతాను.