నాలుగో మూల

మిగిలిన మూల కుట్టమని గౌరి ఇచ్చి వెళ్లిన బొంత మూడు రోజులుగా నా బల్ల మీద ఉంది. మడత విప్పగానే కలరా ఉండల వాసన వచ్చింది, దాని అడుగున అరవై ఏళ్లు దాటినా పోని యంత్రపు నూనె వాసన. ఆ నూనె మా నాన్న ఖాకీ ప్యాంట్లది. ఆ ఎర్ర కుట్లు మా అమ్మవి. కుట్టకుండా తెరిచి ఉన్న నాలుగో మూల మాత్రం నరసమ్మత్తది.

నాకప్పుడు పదేళ్లు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చలికాలమంటే వీధంతా బొగ్గుల పొయ్యిల పొగ, ఎర్రమట్టి దుమ్ము, కొత్త ఖర్జూరపు బెల్లం అమ్మే బెంగాలీ ముసలాయన కేక, రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగగానే సందు నిండిపోయే సైకిళ్లు. మగవాళ్లు డ్యూటీకి వెళ్లాక ఆడవాళ్లు ఎండలో చాపలు పరిచి బొంతలు కుట్టుకునేవారు. పక్క సందులోని బెంగాలీ దీదీలవి చీమల బారుల్లాంటి సన్నని కుట్లు. మా అమ్మ నారాయణమ్మది వడ్లగింజంత పొడుగు కుట్టు. చీర అంచుల్లోంచి లాగిన ఎర్ర దారంతో చేపలు, చుక్కలు, గవ్వల వరసలు, దూరం నుంచి కూడా కనబడాలని వేసినవి. లోపల పొరగా పెట్టిన ఖాకీ ప్యాంట్ల మడత కుట్టు అడ్డొస్తే మిగతావాళ్లు పక్క నుంచి పోయేవారు. అమ్మ పోయేది కాదు. సూదిని సబ్బు ముక్కలో గుచ్చి తీసి, మడత పక్కగా ఏటవాలుగా దింపి, మొన అవతల కనబడగానే నాన్న పటకారుతో లాగేది.

మూడిళ్ల అవతల ఉండే గార్డుగారి భార్య నరసమ్మత్త ఆ కుట్టును చూసి నవ్వేది. "మీ యమ్మది గోనెసంచి కుట్టు పిల్లా" అని నాతోనే అంది. అలాంటి మనిషి, కూతురు పురిటికి వచ్చేసరికి పాత చీరల మూటతో మా గుమ్మంలో నిలబడింది. "ఓ బొంత కుట్టిపెట్టే నారాయణమ్మా. ఎవులికీ సూపకు, దిష్టి తగిలిపోద్ది" అంది. అమ్మ నమ్మి, రెండు నెలలు తలుపు వెనక, కిటికీ వెలుతురులో కుట్టింది. వేళ్లు చిల్లులు పడి, కూరలో ఉప్పు వేసేటప్పుడు మండి చెయ్యి విదిలించుకునేది.

మూడు మూలలు అయ్యి, ఆడపిల్ల పుట్టాక, బిడ్డను చూడవచ్చిన చుట్టాలకు చూపించి తెస్తానని అత్త ఒక పూట పట్టుకెళ్లింది. మర్నాడు కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డప్పుడు, అత్త అందరితో అంటుంటే విన్నాను.

"సేపలేటి, సుక్కలేటి, అన్నీ నానే కుట్టినాను. నారాయణమ్మ దారం ఎక్కించిందంతే."

సగం బిందెతో ఇంటికి పరిగెత్తి చెప్పాను. బొంత తిరిగొచ్చాక అమ్మ నాలుగో మూల పొరలు విడదీసి, ఖాకీ మడత కుట్లు మూడింటిని కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి లోపల పెట్టింది.

"అదెందుకే?" అన్నాను.

"మనవరాలి బొంత గదా, గట్టిగుండాల" అంది.

మావాళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. పసిబిడ్డ బొంతకు నాలుగో మూల జానెడు వదిలేస్తారు. బారసాల నాడు బిడ్డను దాని మీద పడుకోబెట్టే ముందు, కుట్టిన చెయ్యే అందరి ఎదుటా ఆ మూల మూయాలి. నాలుగు పోట్లు పొడిస్తే అయిపోతుందని అత్త ధీమా.

బారసాలకు వాకిలి నిండా జనం. బూరెల వాసన, నానబెట్టిన శెనగలు, ఉయ్యాలకు బంతిపూలు. అత్త పట్టుచీర సర్దుకుని కూర్చుని సూది దింపింది. దిగలేదు. బలంగా నొక్కింది, విరిగింది. రెండోదీ విరిగింది. మూల కూర్చున్న ఒక ముసలమ్మ, "ఏటే నరసమ్మా, నువ్వు కుట్టిన బొంత నిన్నే గుర్తుపట్టనేదా?" అంది. వాకిలంతా నవ్వు.

అత్త చెమట తుడుచుకుని మెల్లగా, "నారాయణమ్మా, ఓ సెయ్యెయ్యే" అంది.

అమ్మ బూరె విరిచి నేతిలో అద్దుకుంటూ, "సేతినిండా నెయ్యి వొదినా. మరక పడిపోద్ది. నాను దారం ఎక్కించేదాన్నే గదా" అంది.

బిడ్డను తెరిచిన మూల మీదే పడుకోబెట్టారు. ఆ బిడ్డే గౌరి. ఆ సాయంత్రం నేను తొక్కుడుబిళ్ల గళ్లలో నాలుగోదానికి నరసమ్మత్త మూల అని పేరు పెట్టాను. సందులో పిల్లలు ఏళ్ల తరబడి అలాగే పిలిచారు. నా మొదటి డైరీ రాత కూడా ఆ రోజుదే. ఒకటే వాక్యం: విరిగిన సూదులు రెండు.

ఇప్పుడు ఆ సైరన్‌కు సైకిళ్లు నిండవు. గుమ్మాల్లో చాపలు లేవు, అంత మందం ఖాకీ ఎవరూ తొడగరు. అమ్మా లేదు, అత్తా లేదు. సబ్బు ముక్క, పటకారు, ఏటవాలు పోటు నాకు తెలుసు. నిన్న సూది కూడా తీసి పెట్టుకున్నాను.

ఈ పొద్దున గౌరి వచ్చింది. "మునిమనవడొస్తన్నాడక్కా. మా అమ్మమ్మ సొయంగా కుట్టిన బొంత, ఈ మూలొక్కటే ఉండిపోనాది. నువ్వు మూసీసినావా?" అంది.

ఆమె తప్పేమీ లేదు. అయినా సూదిని డబ్బాలో పెట్టేశాను. బొంతను నాలుగు మడతలు పెట్టి ఆమె ఒళ్లో ఉంచి, "కుట్టిన సెయ్యే మూయాల గదే" అన్నాను.